తీరానికి కొట్టుకొచ్చిన సరుకు ఎవరిది?

మా హుమ్నాబాద్‌కు సముద్రం చాలా దూరం. మా క్లాసులో సముద్రం చూసినవాళ్లు ఎంతమంది అని సార్ అడిగితే ఆరు చేతులే లేచాయి. అయినా నేను ఈ వ్యాసం మునిగిపోయిన ఓడల గురించి, వాటిలోని సరుకు కోసం జరిగిన తగాదాల గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెప్పాలి.

మా ఇంటికి దగ్గర్లో పోయే రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారి. అది పుణెలో మొదలై షోలాపూర్, హుమ్నాబాద్, జహీరాబాద్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. అంటే మా ఊరికి సముద్రం లేకపోయినా మా ఊరి రోడ్డుకు ఉంది. మా నాన్న ఆ రోడ్డు మీద లారీ నడుపుతాడు. ఒకప్పుడు చినగంజాం ఉప్పు కొఠారుల నుంచి ఉప్పు లోడు తెచ్చేవాడు. అమ్మది అక్కడికి దగ్గర ఊరే. అట్లా మా ఇంట్లో రెండు రకాల తెలుగు వినిపిస్తుంది, బయటికి పోతే కన్నడ, ఉర్దూ వినిపిస్తాయి.

పోయిన శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున ఊరి బయట మలుపు దగ్గర ఒక లారీ బోల్తా పడింది. అందులో వంటనూనె ప్యాకెట్లు ఉన్నాయి. వార్త తెలిసి నేను, నా స్నేహితులు సైకిళ్ల మీద పోయాం. అట్టపెట్టెలు పగిలి ప్యాకెట్లు పక్కనున్న కంది చేనులో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. జనం ఏరుకుంటున్నారు. కొందరు బస్తాలు తెచ్చారు, కొందరు బండ్లు తెచ్చారు. పెద్దవాళ్లే తీసుకుంటున్నారు కదా అని నేను కూడా నాలుగు ప్యాకెట్లు సంచిలో వేసుకున్నాను. అమ్మ సంతోషపడుతుంది అనుకున్నాను.

ఆ రోజు నాన్న ఇంట్లోనే ఉన్నాడు.

"ఇవి యాడివిరా?" అని అడిగాడు.

"లారీ పడింది నాన్నా. అందరూ తీసుకుంటున్నారు."

"డ్రైవర్ ఎట్లున్నడు?"

నా దగ్గర జవాబు లేదు. నేను డ్రైవర్‌ని చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేను పుట్టకముందు జరిగిన సంగతి చెప్పాడు. అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఇదే రోడ్డు మీద ఆయన ఉల్లిగడ్డల లారీ పడిపోయిందట. "నా కాలు కేబిన్ల ఇరుక్కుంది. నేను లోపల్నే ఉన్నా. బయట గోనె సంచులు దులుపుతున్న చప్పుడు ఇనబడుతుండె. ఒక ముసలమ్మ మాత్రం వచ్చి నీళ్లు తాపింది" అన్నాడు. పోయిన సరుకు లెక్క ఓనరు ఎనిమిది నెలలు జీతంలో కోసుకున్నాడట.

నాన్న నన్ను బండి మీద ఎక్కించుకుని మళ్లీ అక్కడికి తీసుకుపోయాడు. డ్రైవర్ మోరీ గట్టు మీద కూర్చుని తలకు తువ్వాలు అదిమి పట్టుకుని ఉన్నాడు. క్లీనర్ పిల్లవాడు మిగిలిన ప్యాకెట్లు ఏరి పెట్టెలో పెడుతున్నాడు. వాడు నా వయసు వాడిలాగే ఉన్నాడు. నేను నాలుగు ప్యాకెట్లు ఇచ్చాను. వాడు "నాలుగు" అని లెక్కపెట్టి పెట్టెలో వేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో అనిపించింది.

మరుసటి రోజు బడిలో మా సోషల్ సార్‌ని అడిగాను. "సార్, కింద పడిపోయిన సరుకు ఎవరిది?" సార్ నవ్వి, "ఈ ప్రశ్న తెలుగు నేల మీద ఏడువందల ఎనభై ఏండ్ల కిందనే వచ్చిందిరా. అప్పుడు పడింది లారీ కాదు, ఓడ. జవాబు ఒక రాజు రాతి మీద రాయించాడు. మీ అమ్మమ్మ వాళ్ల ఊరికి దగ్గర్లోనే ఉంది. దసరా సెలవుల్లో పోయి చూసి రా" అన్నారు.

మోటుపల్లి

దసరాకు అమ్మతో అమ్మమ్మ ఇంటికి పోయాను. మామయ్య నన్ను మోటుపల్లి తీసుకెళ్లాడు. ఇప్పుడు అది బాపట్ల జిల్లాలో చినగంజాం మండలంలోని చిన్న పల్లె. అంతకుముందు ప్రకాశం జిల్లాలో ఉండేది. అక్కడ వీరభద్రస్వామి గుడి ఉంది. మా హుమ్నాబాద్‌లో పెద్దది వీరభద్రేశ్వరుడి గుడి, జాతర కూడా ఆయనదే. అందుకని నాకు కొత్త చోటికి వచ్చినట్టు అనిపించలేదు.

ఆ గుడి మండపంలోని స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు వేయించిన శాసనం ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు. అభయం అంటే భయం లేకుండా చేసే మాట. శక సంవత్సరం 1166, అంటే ఇప్పటి లెక్కలో 1244-45. కొంత భాగం సంస్కృతంలో, కొంత తెలుగులో ఉంది. పాత లిపి కాబట్టి నాకు ఒక్క అక్షరం కూడా సరిగ్గా రాలేదు. మామయ్య "ఏరా అబ్బాయ్, తెలుగు మీడియం అంటివి, చదవలేవా?" అని ఎగతాళి చేశాడు. శాసనంలో ఏముందో తర్వాత సార్ దగ్గర పుస్తకంలో చదివాను. నాకు అర్థమైనట్టు నా మాటల్లో రాస్తున్నాను.

ఆ కాలంలో మోటుపల్లి పెద్ద ఓడరేవు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా ఓరుగల్లు నుంచి పాలించాడు. తీరం ఆయన చేతిలోకి వచ్చాక సముద్రం మీద వర్తకం చేసేవాళ్లను పిలవాలనుకున్నాడు. కానీ వాళ్లకు ఒక భయం ఉండేది. ఓడ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానులో చిక్కుకుని, పగిలి, దారి తప్పి తీరానికి కొట్టుకొస్తే, అందులో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ ముందటి రాజులు బలవంతంగా తీసేసుకునేవారు. వర్తకుడు బతికి బయటపడినా సరే, ఒడ్డున నిలబడి తన సరుకు రాజు మనుషులు మోసుకుపోతుంటే చూడవలసిందే. ఈ సంగతి ఆ వర్తకులు పెట్టిన ఫిర్యాదు కాదు. శాసనంలో రాజే ఒప్పుకుని రాయించాడు.

గణపతిదేవుడు ఆ పద్ధతి మానేస్తున్నానని ప్రకటించాడు. నిర్ణయించిన సుంకం ఒక్కటే తీసుకుంటాను, మిగిలినదంతా మీదే అన్నాడు. సుంకం ఎంత? ఎగుమతికైనా, దిగుమతికైనా ముప్ఫై వంతుల్లో ఒక వంతు. లెక్క వేసి చూశాను. 300 బస్తాల మిరియాలతో వచ్చిన ఓడ మోటుపల్లి దగ్గర పగిలితే, పాత పద్ధతిలో వర్తకుడికి మిగిలేది సున్న. కొత్త పద్ధతిలో సరుకంతా తడవకుండా దొరికితే పది బస్తాలు రాజుకు, 290 వర్తకుడికి. సుంకం కట్టే సరుకుల పేర్లు కూడా శాసనంలో ఉన్నాయి. గంధపు చెక్క, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, వక్కలు. ఎంత కట్టాలో ముందే రాసి పెడితే రేవులో అధికారి తనకు తోచినంత గుంజుకోలేడు కదా.

ఇట్లా ఎందుకు చేస్తున్నాడో కూడా రాజు చెప్పాడు. ధనం ప్రాణం కంటే ఎక్కువ అనుకుని అంత పెద్ద సముద్రం మీద సాహసం చేసి వచ్చే వాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అని. ఈ చోట నాకు నాన్న గుర్తొచ్చాడు. రాత్రంతా నిద్ర లేకుండా బండి నడిపేవాళ్లు కూడా అట్లాగే కదా.

దయ ఒక్కటేనా?

సార్ ఇక్కడ ఒక మాట అన్నారు. "రాజులు దయతో చేశామని చెప్తారు. చరిత్ర చదివేవాడు, దానివల్ల ఎవరికి ఏం లాభమైందని కూడా అడగాలి."

అడిగితే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. పగిలిన ఓడ ఒకటి దొరికితే రాజుకు ఒక్కసారి లాభం. కానీ ఆ వార్త విన్న వర్తకులు ఇంకో రేవుకు పోతారు. భయం లేకపోతే వంద ఓడలు వస్తాయి, ప్రతి ఓడా ముప్ఫయ్యో వంతు కడుతుంది. కాకతీయుల సైన్యానికి కావలసిన మంచి గుర్రాలు కూడా సముద్రం మీద నుంచే రావాలి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 14వ శతాబ్దంలో మొరాకో నుంచి వచ్చిన ఇబ్న్ బతూతా దాదాపు ఇదే రాశాడు. మలబారు తీరంలో మిగతా చోట్ల ఓడ పగిలితే దొరికిన సరుకు ఖజానాకు పోతుందని, కాలికట్‌లో మాత్రం దాని యజమానులకే ఇస్తారని, అందుకే ఆ ఊరికి జనం వచ్చి ఊరు బాగుపడిందని చెప్పాడు. కాలికట్ రేవులో తుఫానుకు ఓడలు పగలడం ఆయన కళ్లారా చూశాడు. తన సామాను కూడా పోగొట్టుకున్నాడు. కాబట్టి ఆ మాట తెలిసి రాసిందే.

మోటుపల్లి కూడా బాగుపడింది. ఇటలీ దేశపు మార్కోపోలో ఆ శతాబ్దం చివర్లో ఈ రాజ్యం గురించి రాసి దాన్ని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు లాంటి సన్నని బట్టలను, న్యాయంగా పాలించే ఒక రాణిని మెచ్చుకున్నాడు. ఆ రాణి గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి అని చరిత్రకారులు అంటారు. అదే మార్కోపోలో మలబారులోని ఏలి అనే చోటు గురించి వేరే సంగతి రాశాడు. అక్కడికి రావలసిన ఓడ కాకుండా ఇంకెక్కడికో పోవలసిన ఓడ కొట్టుకొస్తే, దేవుడే నిన్ను మా దగ్గరికి పంపాడు అని చెప్పి సరుకంతా తీసుకునేవారట.

ఇది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. కంది చేనులో ఆ రోజు ఒక పెద్దాయన కూడా అచ్చం అదే మాట అన్నాడు. "దేవుడిచ్చిండు, తీస్కోండి." ఓడను పగలగొట్టింది దేవుడైతే, వర్తకుణ్ణి బతికించింది ఎవరు?

ఒక పిల్లి బతికినా చాలు

ఈ గొడవ మన దగ్గరే కాదు, అన్ని తీరాల్లోనూ ఉంది. ఇంగ్లండులో కూడా పగిలిన ఓడ రాజుదే అనే పద్ధతి ఉండేది. 1275లో, అంటే మోటుపల్లి శాసనం తర్వాత దాదాపు ముప్ఫై ఏళ్లకు, మొదటి ఎడ్వర్డ్ రాజు కాలంలో ఒక చట్టం వచ్చింది. ఓడలోంచి ఒక మనిషి గానీ, ఒక కుక్క గానీ, ఒక పిల్లి గానీ ప్రాణాలతో బయటపడితే ఆ సరుకు రాజుది కాదు. దాన్ని ఒక ఏడాది, ఒక రోజు భద్రంగా ఉంచాలి. ఈలోగా యజమాని వచ్చి తనదని రుజువు చేస్తే ఇచ్చేయాలి. రాకపోతే రాజుకు.

క్లాసులో ఇది చెప్తే అందరూ పిల్లి గురించి నవ్వారు. కానీ ఆలోచిస్తే ఇందులో రెండు మంచి సంగతులున్నాయి. ఒకటి, ప్రాణం మిగిలి ఉంటే హక్కు కూడా మిగిలే ఉంటుంది. రెండు, యజమాని దూరంలో ఉంటాడు, వార్త చేరాలి, ప్రయాణం చేసి రావాలి కాబట్టి గడువు ఇవ్వాలి. మా ఊరి మలుపు దగ్గర అర్ధగంట గడువు కూడా ఎవరూ ఇవ్వలేదు.

మన బీదరుకు వచ్చిన రష్యావాడు

బీదరు జిల్లా వాళ్లం మనం, ఓడల గొడవ మనకెందుకు అనుకోవద్దు. బహమనీల కాలంలో బీదరు రాజధాని అయినప్పుడు గుర్రాలు సముద్రం దాటి దాభోల్, చౌల్ రేవులలో దిగి ఇక్కడికి వచ్చేవి. 1472లో బీదరులో మదరసా కట్టించిన మహమూద్ గవాన్ కూడా ఇరాన్‌లోని గీలాన్ నుంచి సముద్రం మీదుగానే వచ్చాడు.

1470 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు బీదరులో ఉన్నాడు. మనకు దగ్గరున్న ఆళంద జాతరలో గుర్రాల సంత గురించి కూడా రాశాడు. అతను ఇంత దూరం ఎందుకు వచ్చాడో తెలుసా? రెండు పడవల్లో తన వాళ్లతో బయలుదేరితే దారిలో అతని సరుకు దోచేశారు. తర్వాత కాస్పియన్ సముద్రంలో తుఫాను వచ్చి వాళ్ల చిన్న పడవ తీరానికి కొట్టుకుపోయి పగిలింది. ఆ తీరంలోని వాళ్లు వచ్చి మనుషుల్ని పట్టుకుపోయారు, సరుకు దోచుకున్నారు. నికితిన్ తిరిగి తిరిగి బతిమాలి తన వాళ్లను విడిపించుకున్నాడు. అప్పు చేసి తెచ్చిన సరుకు పోయింది, ఉత్త చేతులతో ఇంటికి పోతే అప్పులవాళ్లు ఊరుకోరు. అందుకని ముందుకే నడిచి, చివరికి ఒక గుర్రంతో మన దేశానికి చేరాడు. సొంత ఊరు మళ్లీ చూడకుండానే దారిలో చనిపోయాడు.

మోటుపల్లి శాసనం ఏ కష్టం గురించి మాట్లాడిందో ఆ కష్టం పడిన మనిషి మన బీదరు వీధుల్లో నడిచాడన్న మాట.

మాట మళ్లీ చెప్పవలసి వచ్చింది

శాసనం రాతి మీద రాసినా, మాట రాతిలా నిలబడలేదు. 1323లో కాకతీయ రాజ్యం పోయింది. తర్వాత తీరాన్ని కొండవీటి రెడ్డి రాజులు పాలించారు. 1358లో అనపోతరెడ్డి కాలంలో అదే మోటుపల్లిలో మళ్లీ ఒక శాసనం వేయించారు. వచ్చిన వర్తకులను ఆపి ఉంచమని, వాళ్ల సరుకు ఇష్టం వచ్చినవాళ్లకు అమ్ముకోవచ్చని అందులో భరోసా ఇచ్చారు.

ఒకసారి ఇచ్చిన అభయం ఉండగా రెండోసారి ఎందుకు? సార్‌ని అడిగితే, "నువ్వే చెప్పు" అన్నారు. నాకు తోచింది ఇది. మాట ఇచ్చిన రాజు పోతే మాటకు కాపలా ఉండదు. వర్తకులకు మళ్లీ భయం వస్తుంది. కొత్త రాజు మళ్లీ చెప్పాలి. అంటే హక్కు అనేది ఒకసారి రాసి వదిలేస్తే చాలదు, ప్రతి తరం ఒప్పుకుంటూ ఉండాలి.

మన కర్ణాటక పేరున్న ఓడ

ఇక దగ్గర కాలానికి వస్తాను. ఉత్తర కన్నడ జిల్లాలో శరావతి నది ఒడ్డున గేరుసొప్ప అనే ఊరుంది. జోగ్ జలపాతాన్ని పూర్వం గేరుసొప్ప జలపాతం అనేవాళ్లు. ఆ పేరు మీద బ్రిటిష్ కంపెనీ వాళ్లది ఒక సరుకు ఓడ ఉండేది, గైర్‌సొప్ప. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1940 డిసెంబరులో అది కలకత్తా నుంచి ఇంగ్లండుకు బయలుదేరింది. అందులో వెండి, ఇనుము, తేయాకు ఉన్నాయి. 1941 ఫిబ్రవరిలో ఐర్లండుకు నైరుతి దిక్కున జర్మనీ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. ఓడలో ఉన్న 86 మందిలో ఒక్కడే, రెండో ఆఫీసరు రిచర్డ్ ఏర్స్, పడవలో 13 రోజులు కొట్టుకుపోయి ఒడ్డు చేరాడు. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది మన ఉపఖండం నుంచి పనికి పోయిన లస్కర్లు, అంటే ఓడ కూలీలు.

70 ఏళ్ల తర్వాత, 2011లో ఒడిస్సీ అనే అమెరికా కంపెనీ ఆ ఓడను దాదాపు 4,700 మీటర్ల లోతులో కనుక్కుంది. 2012, 2013 సంవత్సరాల్లో యంత్రాలతో సుమారు 110 టన్నుల వెండి పైకి తీసింది. మరి ఆ వెండి ఎవరిది? ఓడ మునిగినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం యుద్ధ బీమా కింద సరుకు వాళ్లకు నష్టం కట్టింది. నష్టం కట్టినవాడికి సరుకు మీద హక్కు వస్తుంది. అందుకని వెండి బ్రిటిష్ ప్రభుత్వానిది అయింది. తీసినందుకు కంపెనీకి ఒప్పందం ప్రకారం నూటికి 80 వంతులు, ప్రభుత్వానికి 20 వంతులు.

చట్టం ప్రకారం ఇది సరే. డబ్బు ఖర్చు పెట్టి, అంత లోతు నుంచి తీసినవాడికి ఎక్కువ వాటా రావచ్చు. కానీ గణపతిదేవుడి శాసనం చదివిన తర్వాత నాకు ఒక సంగతి కనిపించింది. ఆ శాసనంలో ప్రాణానికి తెగించినవాడి పేరు చెప్పి హక్కు ఇచ్చారు. గైర్‌సొప్ప లెక్కలో బీమా ఉంది, యంత్రం ఉంది, ప్రభుత్వం ఉంది. ప్రాణం పెట్టిన లస్కర్ల వాటా ఎక్కడా లేదు.

ఇంకా తేలని తగాదాలు కూడా ఉన్నాయి. సాన్ హోసే అనే స్పెయిన్ ఓడ 1708లో కొలంబియా తీరంలో ఇంగ్లీషువాళ్లతో యుద్ధంలో మునిగింది. నిండా బంగారం, వెండి ఉన్నాయంటారు. దాన్ని కనుక్కున్నామని 2015లో కొలంబియా ప్రకటించింది. మా సముద్రంలో ఉంది కాబట్టి మాదే అని కొలంబియా, మా యుద్ధనౌక కాబట్టి మాదే అని స్పెయిన్, మేమే ముందు వెతికాం కాబట్టి వాటా కావాలని ఒక అమెరికా కంపెనీ అన్నాయి. బొలీవియాలోని ఖరా ఖరా అనే ఆదివాసులు కూడా వచ్చారు. ఆ వెండిని గనుల్లో మా తాతలతో బలవంతంగా తవ్వించారు, మాకూ హక్కు ఉంది అన్నారు. నాకైతే వీళ్ల మాటే అన్నిటికంటే పాతదిగా కనిపించింది.

కాపాడినవాడికి ఏమీ లేదా?

మోటుపల్లి నుంచి వచ్చాక అమ్మమ్మ ఇంట్లో ఈ సంగతులు మాట్లాడుకుంటుంటే పక్కింటి తాత ఒకాయన వచ్చాడు. ఆయన ఇదివరకు వేటకు పోయేవాడు. "కెరటం తెచ్చి పడేసింది గంగమ్మ తల్లి ఇచ్చిందే కదయ్యా. మేం గాలివానలో పడవేసుకుని పోయి తెస్తే అదంతా ఎవడో దొరకి ఇచ్చేయాలా?" అన్నాడు. ఆయన మాటలో కూడా న్యాయం ఉంది. సరుకు కాపాడడం ఊరికే అయ్యే పని కాదు, ప్రాణాలు పోయే పని.

ఈ ప్రశ్నకు మన దేశంలో 1958లో చేసిన వాణిజ్య నౌకా చట్టం జవాబు చెప్పింది. తీరంలో పగిలిన ఓడ సరుకు దొరికినవాడు దాన్ని తన దగ్గర దాచుకోకూడదు, అందుకోసం నియమించిన అధికారికి తెలపాలి, అప్పగించాలి అని అందులో ఉండేది. యజమాని ఏడాది లోపల వచ్చి రుజువు చేసి, ఖర్చులు కట్టి తీసుకునే వీలు ఉండేది. కాపాడినవాడికి తగిన ప్రతిఫలం ఇవ్వవలసి ఉండేది. ఎవరూ రాకపోతే ప్రభుత్వానికి చెందేది. అంటే ఆ తాతకు దక్కవలసింది సరుకు కాదు, కష్టానికి కూలి. అది అడిగి తీసుకోవలసిన హక్కే. కానీ కూలి వేరు, సరుకు వేరు.

2025 మే నెలలో కేరళ తీరంలో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగింది. అందులోని 24 మందినీ కాపాడారు. తర్వాత కంటెయినర్లు కొల్లం, ఆలప్పుళ తీరాలకు కొట్టుకొచ్చాయి. ఎవరూ ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు, పోలీసులకు చెప్పండి అని అధికారులు ప్రకటించారు. కొన్నింటిలో ప్రమాదమైన రసాయనాలు కూడా ఉన్నాయి. ఆ ఓడ వల్ల వేట ఆగిపోయి మత్స్యకారులే నష్టపోయారు. పూర్వం ఓడ పగిలితే తీరం వాళ్లకు లాభం. ఇప్పుడు నష్టం కూడా తీరం వాళ్లకే వస్తోంది. కాబట్టి ఓడ యజమాని కూడా తీరానికి బాకీ పడతాడని తెలుస్తోంది.

నాకు అర్థమైంది

ఇవన్నీ చదివాక నా ప్రశ్నకు నేను ఇట్లా జవాబు రాసుకున్నాను. పోగొట్టుకున్నవాడు ఉన్నంతవరకు సరుకు వాడిదే. కాపాడినవాడికి కూలి రావాలి. రాజుకు లేదా ప్రభుత్వానికి సుంకం రావాలి, కాపలా బాధ్యత కూడా వాళ్లదే. వీళ్లందరికంటే ముందు, ఓడలో ఉన్న మనిషి ఏమయ్యాడో చూడాలి. 1275 చట్టం పిల్లి గురించి కూడా అడిగింది. నాన్న డ్రైవర్ గురించి అడిగాడు. నేను అది అడగకుండానే ప్యాకెట్లు తీసుకున్నాను.

గణపతిదేవుడు పెద్ద రాజు. తీరం ఆయనది, సైన్యం ఆయనది. కొట్టుకొచ్చిన బంగారాన్ని తీసుకుంటే అడిగేవాళ్లు లేరు. ముందటి రాజులందరూ తీసుకున్నారు కూడా. అయినా వదిలేశాడు. అందరూ తీసుకుంటున్నారు అనేది ఆయనకు కారణం కాలేదు. నాకు ఆ రోజు అదే కారణం అయింది.

దీపావళి ముందు నాన్న లోడుతో విజయవాడ వైపు పోతూ ఉంటే, మోటుపల్లిలో నేను కాగితం మీద రాసుకొచ్చిన సంగతులు ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, "ముప్ఫైల ఒకటా? మా ఓనరు కంటే ఆ రాజే నయం" అని నవ్వాడు. తర్వాత బండి ఎక్కుతూ, "ఆ రాయి మన రోడ్డు పక్కన కూడా ఒకటి పాతాలెరా" అన్నాడు.

మా స్నేహితులం ఐదుగురం ఒక మాట అనుకున్నాం. ఇకమీదట రోడ్డు మీద ఏ బండి పడినా ముందు నీళ్ల సీసా తీసుకుని కేబిన్ దగ్గరికి పోవాలి. 108కు ఫోన్ చేయాలి. సరుకు సంగతి తర్వాత. ఈ వ్యాసం చదివినవాళ్లు కూడా అట్లాగే చేస్తారని అనుకుంటున్నాను.

— 9వ తరగతి విద్యార్థి